గోల్‌కీపరు ఇంటికి పరామర్శ

1955 మార్చి ఇరవై, ఆదివారం. ఆ రోజు రాహేలమ్మ ఇంట్లో జొన్న సంగటి, నాటుకోడి పులుసు. చర్చి నుంచి వస్తూనే పొయ్యి ముట్టించి, ధనియాలూ నువ్వులూ వేయించి రోట్లో నూరి, వీధి మలుపు దాకా వాసన పోయేటట్టు వండింది. కొడుకు లేవి మధ్యాహ్నం రెండు ముద్దలు మింగి లేచాడు. ఆట ఉన్న రోజు అతని తిండి అంతే. కడుపు బరువైతే బంతికి ఎగరలేనంటాడు. తొడ ముక్కలు రెండూ సాయంత్రానికని ఆమె వేరే గిన్నెలో పెట్టి, పిల్లి భయానికి మూత మీద రాయి పెట్టింది.

సాయంత్రం లేవి బూట్లు చేత్తో పట్టుకుని వట్టి కాళ్లతో వచ్చాడు. గిన్నె వైపు చూడలేదు. లోపలి గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జరిగింది ఇది. ఆ రోజుల్లో కర్నూలు, కడప జిల్లాలు రెంటికీ కలిపి ఒక ఫుట్‌బాల్ లీగు ఉండేది. అందులో ఫస్టు డివిజను, సెకండు డివిజను అని రెండు మెట్లు. కర్నూలు హంద్రీ క్లబ్బు పుట్టినప్పటి నుంచి పై మెట్టు మీదే ఉంది. ఆ ఆదివారం నంద్యాల జట్టు మీద గెలవనక్కర కూడా లేదు, ఓడిపోకుండా ఉంటే చాలు, పై మెట్టు మీదే నిలిచేది. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా నంద్యాల ఆటగాడొకడు దూరం నుంచి మామూలుగా తన్నిన బంతి లేవి చేతుల్లోకి వచ్చింది, చేతుల్లోంచి జారింది, కాళ్ల సందున దొర్లుకుంటూ గీత దాటింది. హంద్రీ క్లబ్బు సెకండు డివిజనుకు దిగిపోయింది.

రాహేలమ్మ మిషను ఆస్పత్రిలో కాన్పుల వార్డు ఆయా. మనుషులు పుట్టడమూ పోవడమూ దగ్గరనుంచి చూసిన మనిషి. బంతి ఒక సున్నపు గీత దాటినందుకు ఇంత పొడుగు మనిషి అన్నం మానేయడం ఆమెకు మొదట అర్థం కాలేదు. ఆమె ఒక్క ఆట కూడా చూసి ఎరగదు. ఆటలు పోలీసు గ్రౌండులో జరిగేవి. రాజధాని కర్నూలుకు వచ్చినప్పటి నుంచి అక్కడ కుర్చీలన్నీ ఆఫీసర్లవి. కుర్చీల వెనక ఎండలో నిలబడే చోటు మిగతా మగవాళ్లది. ఆడవాళ్లకు చోటంటూ లేదు.

కానీ ఒక సంగతి ఆమెకు తెలుసు. లేవికి చిన్నప్పటి నుంచీ నోట్లోంచి మాట పైకి వచ్చేది కాదు. కె.సి. కాలువ మీద లస్కరు పని అతనిది. తూము తలుపులు ఎత్తడం, దించడం. ఎత్తితే కింది రైతు తిట్టేవాడు, దించితే మీది రైతు తిట్టేవాడు, ఎత్తినా దించినా ఓవర్సీరు తిట్టేవాడు. లేవి అందరికీ "సరే సామీ" అని తల వంచేవాడు. తండ్రి దానియేలు పోయాక ఆ వంచిన తల ఇంకాస్త వంగింది. అలాంటివాడు గోలు ముందు నిలబడితే మాత్రం వేరే మనిషి అవుతాడని సోడా అంగడి మస్తాన్ సాబ్ ఒకసారి ఆమెకు చెప్పాడు.

"నీ కొడుకు అరుస్తాడు చూడక్కా! 'రెడ్డీ, ఎనక్కి రా!' అంటాడు. బద్వేలు కాడ నూరెకరాల ఆసామి కొడుకు, ఆ శివారెడ్డి, ఉరుక్కుంటా ఎనక్కొస్తాడు. గోలు ముందర మీవోడు చెప్పిందే చట్టం."

ఆ మాట విన్న రాత్రి రాహేలమ్మకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఎప్పుడో ఒకనాడు ఆ అరుపు తానూ వినాలని అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకున్న లేవి అన్న మాట ఒకటే.

"ఇంగ నేను ఆడనుమా."

క్లబ్బు ఏ డివిజనులో ఉంటే ఆమెకేమి? ఆ గొంతు పోతుందే అని ఆమె బాధ. తాను ఒక్కసారీ వినకుండానే పోతుందే అని.

సోమవారం దీపాలు పెట్టే వేళకు ముగ్గురు మనుషులు వచ్చారు. ముందు మస్తాన్ సాబ్, వెనక ఆలూరు నుంచి వచ్చి కర్నూల్లో జట్కా తోలుకునే తిమ్మన్న, అందరికంటే వెనక చెనిక్కాయల మండీ ఓబులేశు శెట్టి. ఎండ కాచినా గాలి దుమారం లేచినా హంద్రీ క్లబ్బు ఆట చూడటం మానిన మనుషులు కారు ఆ ముగ్గురూ. తిమ్మన్న తలపాగా విప్పి చంకలో పెట్టుకున్నాడు. అతని చేతిలో భార్య మద్దమ్మ పంపిన చిత్రాన్నం గిన్నె. మస్తాన్ సాబ్ గడప లోపల చాప మీద కూర్చున్నాడు. తిమ్మన్న బయట అరుగు మీద, అతని పక్కన అరుగు అంచున పైగుడ్డ పరుచుకుని శెట్టి కూర్చున్నారు. ఆ కాలానికి ఆ వీధిలో ఒక శెట్టి అరుగు దాకా రావడమే ఎక్కువ.

ముందుగా శెట్టే గొంతు సవరించుకున్నాడు.

"బంతి కింద రాయి తగిలిందమ్మా. నేను కండ్లారా చూసినా."

"రాయి లేదు" అన్నాడు లోపలి నుంచి లేవి.

"పోలీసు గ్రౌండులో రాయి యాడిది శెట్టీ? దినామూ రోలరు తోల్తారు గదా" అన్నాడు తిమ్మన్న.

శెట్టి నొచ్చుకున్నాడు. "ఓదార్చను వచ్చినావా, సాక్షి చెప్పను వచ్చినావా నువ్వు?"

అప్పుడు మస్తాన్ సాబ్ మెల్లగా మొదలుపెట్టాడు.

"ఒకందుకు మంచిదే అయింది లేక్కా. మావోడికి ఆరేండ్లు. వాడు ఆట చూడను మొదులుపెట్టినప్పటి సంది మనోళ్లు గెలిసింది వాడు చూడనే లేదు. మన టీము పని ఓడిపోవడమే అనుకుంటాండాడు. సెకండు డివిజనులో రెండు ఆటలన్నా గెలుస్తాం గదా. పిల్లోడు చూస్తాడు."

"నా గుర్రానికి గూడా మంచిదే" అన్నాడు తిమ్మన్న. "ఓడిపోయిన దినం పాడబుద్ధి కాదు. నేను పాడకుంటే అది నడవదు."

శెట్టి చాలాసేపు లెక్క చూస్తున్నట్టు కళ్లు మూసుకుని, తెరిచాడు. "మీరు అసలు సంగతి ఇడిసిపెట్టినారు. లీగులో మూడో డివిజను అనేది ఉందా?"

"లేదు."

"మరి ఇంగ మనల్ను దించేటోడు యాడుండాడు? ఏటేటా ఫాల్గుణం వచ్చిందంటే దిగిపోతామో ఏమోనని నాకు నిద్ర ఉండేది కాదు. ఆ బాధ ఇడిసిపోయింది. భయం లేని ఆట చూస్తాం ఇంగ."

రాహేలమ్మకు నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. మస్తాన్ సాబ్‌కూ తిమ్మన్నకూ చెంబుతో నీళ్లు ఇవ్వబోతే ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. శెట్టిని ఆమె అడగలేదు. ఆ వీధి ఇళ్లలో శెట్లు నీళ్లు ముట్టరని, అడగకూడదని ఆమెకు తెలుసు. కాసేపటికి ముగ్గురూ లేచి, ఒక్క మాట చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు.

మంగళవారం అదే వేళకు మళ్లీ వచ్చారు. ఈసారి పగలంతా ఆలోచించుకుని వచ్చినట్టున్నారు. తిమ్మన్న సెకండు డివిజను ఊళ్ల పేర్లు చెప్పాడు. ఆలూరు తన సొంత ఊరు, అక్కడికి పోతే అలసంద వడలకు కొదవ లేదన్నాడు. వేంపల్లెలో మస్తాన్ సాబ్ బామ్మర్ది ఉన్నాడు. బద్వేలులో శివారెడ్డి ఇంట్లో జట్టుకంతా పడుకోను మిద్దె ఉంది. "ఫస్టు డివిజనులో ఏం చూసినామప్పా? నంద్యాల, కడప, ఆదోని. ఎప్పుడూ అవే ఊర్లు, అదే బస్‌స్టాండు కాఫీ. ఈ తూరి దేశం చూస్తాం" అన్నాడు.

మస్తాన్ సాబ్ ఇంకొకటి చెప్పాడు. ఆ ఊళ్లలో చాలామంది ఫుట్‌బాల్ ఆట అంటే ఏమిటో చూసి ఉండరట. అలాంటివాళ్ల ముందు ఆడితే చిన్న ఆట కూడా పెద్దగా కనబడుతుందట. అతను ఆ మాట ఎంత నమ్మకంగా అన్నాడంటే, ఓడిపోయిన జట్టు కాదు, ఏదో దేశాటనకు బయలుదేరే నాటకసమాజం గురించి చెబుతున్నట్టుంది.

పొయ్యి దగ్గర కూర్చుని వింటున్న రాహేలమ్మకు వాళ్ల మీద గౌరవం కలిగింది. వార్డులో ఆమె ఎంతోమంది ఓదార్చేవాళ్లను చూసింది. చాలామంది వచ్చి 'ఏం చేస్తాం, రాత' అని చేతులు తుడుచుకుని పోయేవాళ్లే. వీళ్లు అలా అనలేదు. చేటలో జొన్నలు చెరుగుతున్నట్టు పోయినదాన్నంతా ఎగరేసి ఎగరేసి గింజ కోసం వెతుకుతున్నారు. దొరికిన గింజ చిన్నదైనా చేతిలో పెట్టుకుని తెచ్చి చూపిస్తున్నారు. వాళ్లకు మాత్రం బాధ లేదా? శెట్టి కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. మస్తాన్ సాబ్ గడ్డం గీసుకుని మూడు రోజులయింది.

ఈసారీ ముగ్గురూ నీళ్లు ముట్టకుండా, చెప్పకుండా లేచిపోయారు. లోపల లేవి గోడవైపే ఉన్నాడు.

బుధవారం పొద్దున పక్కింటి హంపమ్మ కొళాయి దగ్గర బిందె దించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమక్కా, ఎవురు పోయినారు? నాకు ఒక్క మాటన్నా చెప్పకపోతివి."

"ఎవురూ పోలేదే!"

"రెండ్రోజుల సంది మగోళ్లు తలగుడ్డలు తీసి వస్తాండారు, వచ్చి కూకుంటాండారు, సప్పుడు లేకుండా పోతాండారు. ఈ పొద్దు మూడోదినం గదా, ఏమన్నా చేస్తాండావేమోనని వడ్లు దంచి పెట్టినా."

రాహేలమ్మ బిందె అక్కడే పెట్టి నిలబడిపోయింది. దానియేలు పోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్లు ఆమె కళ్ల ముందు కదిలారు. వచ్చేవాళ్లు వండిన గిన్నె తెచ్చేవాళ్లు, ఎందుకంటే చావింట్లో పొయ్యి వెలగదు. నీళ్లు ముట్టేవాళ్లు కారు. పోయేటప్పుడు 'పోయొస్తాం' అనేవాళ్లు కారు, ఎందుకంటే అలాంటి పనికి ఆ ఇంటికి మళ్లీ రాకూడదు. ఈ ముగ్గురూ అచ్చం అదే చేస్తున్నారు. పగలంతా వార్డులో పని చేస్తున్నా ఆమె కోపం ఆరలేదు.

సాయంత్రం ముగ్గురూ వచ్చి వాళ్ల వాళ్ల చోట్ల కూర్చున్నారు. శెట్టి ఏదో కొత్త మంచి కనిపెట్టినట్టుంది, నోరు తెరవబోయాడు. రాహేలమ్మ నీళ్ల చెంబు తెచ్చి గడప మీద టంగుమని పెట్టింది.

"తాగండి."

"వద్దులేక్కా" అన్నాడు మస్తాన్ సాబ్. "ఇట్లాంటింట్లో…" అని నాలిక కరుచుకున్నాడు.

"ఇట్లాంటిల్లంటే ఎట్లాంటిది?"

శెట్టి సర్దిచెప్పబోయాడు. "తప్పు పట్టద్దు రాహేలమ్మా. పరామర్శకు పోయినకాడ నీళ్లు ముట్టరు గదా. పెద్దల కాలం నుంచి వస్తాండే పద్ధతి."

"ఎవురికి పరామర్శ?" ఆమె గొంతు వీధి చివరకు వినిపించింది. "చావింటికి వచ్చినారా మీరు? రెండు దినాలు వచ్చిపోయినారే, 'పోయొస్తాం' అని ఒక్కరన్నా అన్నారా? ఆ హంపమ్మ మూడోదినానికని వడ్లు దంచి పెట్టింది! నా కొడుకు బతికుండాడప్పా! ఆ గదిలో పండుకోనుండాడు. జారింది బంతి, పానం కాదు. నీళ్లు తాగి, 'పోయొస్తాం' అని చెప్పి పోండి. లేదంటే రేపటి నుంచి నా గడప తొక్కద్దండి!"

మస్తాన్ సాబ్ చెంబెత్తి గటగటా తాగాడు. తిమ్మన్న అందుకుని తాగాడు. అతను అలవాటు కొద్దీ చెంబును తన పక్కవాడి ముందు పెట్టాడు. పక్కవాడు శెట్టి.

అప్పుడు గానీ రాహేలమ్మకు తానేమందో తెలియలేదు. కోపంలో అందరినీ కలిపి అనేసింది. చెంబు వెనక్కి తీసుకోవాలని చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తీసుకుంటే తనకు చిన్నతనం, తీసుకోకపోతే శెట్టికి ఇరకాటం. వీధిలో హంపమ్మా ఇంకో ఇద్దరూ నిలబడి చూస్తున్నారు.

శెట్టి చెంబు వైపే చూస్తున్నాడు.

"రాహేలమ్మా, మా మనుమడు ఆస్పత్రిలో పుట్టినప్పుడు వాడి నోట్లో మొదుట చక్కెర నీళ్లు పోసింది ఎవురు?"

"నేనే సామీ. తల్లికి తెలివి లేదు ఆ పొద్దు."

"వాడికిప్పుడు నాలుగేండ్లు. నిన్న నా మండీలో గోనెసంచులన్నీ ఎక్కి దునికినాడు. బానే ఉండాడు గదా" అని శెట్టి చెంబెత్తి, తల వెనక్కి వంచి, ధార పోసుకుని తాగాడు. అడుగున మిగిలింది కూడా తాగి చెంబు బోర్లించాడు. "నీళ్లు తియ్యగుండాయి. యాడివి?"

"కాలవ నీళ్లు సామీ. మావోడు తూము ఎత్తితేనే గదా ఊరికి వచ్చేది."

శెట్టి పైగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. తిమ్మన్న, "ఆ మాట ముందే చెప్పింటే నిన్ననే తాగుదుము గదా" అన్నాడు.

లోపలి గది తలుపు కిర్రుమంది. లేవి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మూడు రోజులకు మొహం సగమయింది. ఎవరి వంకా చూడకుండా గోడ మీది సున్నంతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"మీరు మంచోళ్లు. మీకు చెప్తాండా. ఓడిపోయినందుకు కాదు నేను ఆడనంటాండేది. గోలు కాడ నేను అరిస్తే అందరూ ఇంటాండిరి. ఎందుకింటాండిరి? నేను బంతి ఇడిసేవోణ్ని కాదు గనక. ఇప్పుడు ఇడిసినా. ఇడిసినోడు 'రెడ్డీ, ఎనక్కి రా' అంటే రెడ్డి ఎందుకు ఇంటాడు? బయట ఎట్లుంటానో ఆడా అట్లే ఉండాల ఇంగ. దానికి ఆడను పోవడమెందుకు?"

లేవి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం తల్లి వినడం అదే మొదలు. మస్తాన్ సాబ్ చాప పుల్ల విరిచాడు. శెట్టి కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు.

చివరకు తిమ్మన్నే అన్నాడు. "ఆడద్దులే. ఆదివారం రాళ్లు ఏరను రా. పోలీసు గ్రౌండు ఫస్టు డివిజనోళ్లకంట. హంద్రీ అవతల శెట్టి బామ్మర్ది బీడుంది గదా, దాన్ని మనకు ఇచ్చినారు. అంతా గరుసు, గులకరాళ్లు. చేతులు శానా కావాల. రాళ్లు ఏరేదానికి గొంతు అక్కర్లేదు గదా?"

లేవి కాదనలేదు.

"పోయొస్తాం రాహేలమ్మా" అన్నాడు శెట్టి గట్టిగా, వీధిలోకి వినిపించేటట్టు. "పోయొస్తామక్కా" అన్నారు మిగతా ఇద్దరూ.

ఆదివారం ఎండ చల్లబడ్డాక హంద్రీ అవతలి బీడు తిరునాళ్లలా ఉంది. చెనిక్కాయ చేలో కలుపు తీసే పద్ధతే ఇక్కడా పెట్టారు. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మనుషులు వరసగా నిలబడి, వంగి, ముందుకు నడుస్తూ చేతికి దొరికిన రాయినల్లా గంపలో వేయాలి. అది ఆడవాళ్లు తరతరాలుగా చేసే పని కనక ఎవరూ పిలవకుండానే వీధి ఆడవాళ్లు వచ్చారు. వద్దనడానికి అక్కడ గోడ లేదు, గేటు లేదు. హంపమ్మ వచ్చింది. మద్దమ్మ వచ్చింది. రాహేలమ్మ ఆస్పత్రి చీర మార్చుకుని వచ్చింది. శెట్టి తెల్లటి పంచె ఎగ్గట్టి, మండీ నుంచి తెచ్చిన గంప పట్టుకుని వరసలో నడుస్తుంటే హంపమ్మ ఊరుకోలేదు.

"వంగు శెట్టీ, వంగు! రాళ్లు నీ మండీకి వచ్చినట్టు వాటంతట అవి వస్తాయనుకుంటివా?"

"వంగుతాండానమ్మా. నడుము వంగనంటాంది."

లేవి తిమ్మన్న పిలిచినట్టే వచ్చాడు. రాళ్లు ఏరాడు. తలెత్తలేదు. రాళ్లు ఏరడం అయిన సగంలో జట్టువాళ్లు కొందరు బంతి తన్నుకోవడం మొదలుపెట్టినా అటు చూడలేదు. గోలుకు గుర్తుగా పెట్టిన రెండు బండరాళ్ల పక్కన గంప దించుకుని కూర్చున్నాడు.

రాహేలమ్మ వాళ్ల వరస ఆ బండరాళ్ల ముందుకు వచ్చింది. నేలలో సగం కూరుకుపోయిన గరుసు రాయి ఒకటి ఆమెకు తగిలింది. రెండు చేతులతో పట్టి, వంగి, దాన్ని కదిలిస్తోంది. వెనక ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. అవతల శివారెడ్డి దొర్లుకుంటూ వచ్చిన బంతిని చూశాడు, రెండడుగులు ఉరికాడు, ముందర మనుషులున్నారన్న ధ్యాస లేకుండా ఉన్న బలమంతా పెట్టి తన్నాడు.

"కూర్చోండి!"

ఆ అరుపు హంద్రీ దాటి పోయింది. రాహేలమ్మ కాళ్లు వాటంతట అవే మడుచుకున్నాయి. బంతి ఆమె తల ఉన్న చోటి మీదుగా బుర్రుమని పోయి కంపచెట్లలో పడింది.

లేవి లేచి నిలబడి ఉన్నాడు. ఆ మైదానంలో నిలబడి ఉన్నది అతనొక్కడే. వరసలోని ఆడవాళ్లందరూ కూర్చున్నారు. తిమ్మన్న కూర్చున్నాడు. మస్తాన్ సాబ్ గంప మీదే కూర్చున్నాడు. ఓబులేశు శెట్టి తెల్ల పంచెతో దుమ్ములో చతికిలబడ్డాడు. బంతి తన్నిన శివారెడ్డికి బంతి తగిలే ప్రమాదమే లేదు, అతనూ కూర్చున్నాడు. దూరాన గట్టు మీద ఎనుములు తోలుకుపోతున్న ముసలాయన, ఎవరో ఏమో తెలియకపోయినా, కట్టె పక్కన పెట్టి కూర్చున్నాడు.

లేవి ఒక్కొక్కరినీ చూశాడు. వాళ్లు అతన్ని చూస్తున్నారు.

"కీపరూ, లేద్దామా?" అని మస్తాన్ సాబ్ వినయంగా అడిగాడు.

లేవి "లెయ్యండి" అన్నాడు. తరవాత గట్టిగా, "రెడ్డీ! మనుషులుండే పక్క తన్నుతావా? ఎనక్కి పో! ఇంగా ఎనక్కి!"

"పోతాండా అన్నా, పోతాండా" అంటూ శివారెడ్డి వెనక్కి నడిచాడు.

లేవి చొక్కా చేతులు మడిచి ఆ రెండు బండరాళ్ల నడుమకు పోయి నిలబడ్డాడు. ఎవరో కంపలోంచి బంతి తెచ్చి వేశారు.

శెట్టి లేచి పంచె దులుపుకుంటూ తిమ్మన్నతో అన్నాడు. "ఇది చూసినావా తిమ్మన్నా? ఆ ఫస్టు డివిజనులో ఎన్నేండ్లు నిలబడితిమి, కూర్చోను చోటు దొరికిందా మనకు? ఈడ అందరికీ చోటే!"

అందరూ నవ్వారు. రాహేలమ్మ మాత్రం లేవలేదు. ఆమెకు దెబ్బ తగిలిందేమోనని హంపమ్మ పరిగెత్తుకుని వచ్చింది. "ఏం కాలేదులే, ఇంగాసేపు కూర్చుంటా" అంది ఆమె. గరుసు రాయిని ఒళ్లో పెట్టుకుని, చీర కొంగుతో కళ్లకు నీడ చేసుకుని, కొడుకు అరుస్తుంటే వింటోంది. 'కుడి పక్కకు!' అంటాడు, కుడి పక్కకు పోతారు. 'వాణ్ని ఇడిసిపెట్టద్దు!' అంటాడు, ఇడిసిపెట్టరు. ఆ గొంతు దానియేలుది కాదు. తనదీ కాదు. ఇద్దరి ఇళ్లలోనూ అలాంటి గొంతు ఎవరికీ లేదు. అది లేవిదే. అతనొక్కడే ఎక్కడి నుంచో సంపాదించుకున్నాడు.

బంతి కనబడనంత చీకటి పడేదాకా ఆడారు. లేవి గోలు వదలలేదని కాదు, రెండు వదిలాడు. ఒకటి శివారెడ్డే వేశాడు. వదిలిన ప్రతిసారీ తరవాతి అరుపు ఇంకాస్త గట్టిగా వచ్చింది. అది గమనించినవాడు మస్తాన్ సాబ్. 'ఇదీ ఒక మంచే' అని అతను పక్కవాళ్లకు చెబుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి లేవి గొంతు పూర్తిగా పోయింది. ఏదో చెప్పబోతే గాలి మాత్రమే వచ్చింది. రాహేలమ్మ ఉప్పు వేసి నీళ్లు కాచి ఇచ్చింది. అతను పుక్కిలించి, సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి కడుపు నిండా తిని, చేతులతో సైగ చేశాడు. పొద్దున్నే తూము దగ్గరకు పోవాలి, కోడి కూయగానే లేపమని. ఆమె తల ఊపింది. ఇంకా ఏదో చెప్పాలని పెదవులు కదిలించాడు గానీ, వద్దులే అన్నట్టు నవ్వి చాప మీద ఒరిగాడు. ఒరిగిన వెంటనే నిద్రపోయాడు.

వీధిలో హంపమ్మ ఇంకా ఎవరికో చెబుతోంది. "అంతమంది కూకున్యారు, నేను గూడా కూకున్యా, ఎందుకు కూకున్యానో నాకే తెలీదు!"

రాహేలమ్మ బుడ్డి దీపం వత్తి తగ్గించింది. ఆ ఇంటి వీధి తలుపు కింది పక్క గచ్చుకు గీరుకుని పెద్దగా చప్పుడు చేస్తుంది. ఆమె దాన్ని రెండు చేతులతో కాస్త పైకి ఎత్తి పట్టుకుని, గచ్చుకు తగలకుండా, మెల్లగా మూసింది.